బడిలో ఫిట్స్ వస్తే పిల్లను ఇంటికి పంపడమేనా?

(అమీర్‌పేటలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను మాట్లాడమన్న విషయం "బాలికల విద్య, ఆరోగ్యం". రక్తహీనత గురించి, బడుల్లో మరుగుదొడ్ల గురించి, బాల్యవివాహాల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇంకా మాట్లాడుకోవాల్సిందే. ఈ రోజు మాత్రం మన సమావేశాల్లో దాదాపుగా ఎన్నడూ చర్చకు రాని ఒక జబ్బు గురించి చెప్పదలచుకున్నాను. మూర్ఛ. జనం నోట్లో ఫిట్స్. ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లో మిర్గీ. ఊళ్ళలో గాలి సోకిందంటారు, పట్టిందంటారు. ఇన్ని పేర్లున్న జబ్బుకు బడి రికార్డులో మాత్రం ఒక్క పేరూ కనబడదు.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్న దాని మీదే నేను డాక్టరేటు చేశాను. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నావళి నింపాను. "బడి మానడానికి కారణం" అన్న ప్రశ్న కింద పేదరికం, ఇంటిపని, చిన్నపిల్లల్ని చూసుకోవడం, పెళ్ళి, బడి దూరం, అనారోగ్యం అని గడులు గీసుకున్నాను. "అనారోగ్యం" గడిలో టిక్కు పెట్టిన ప్రతిసారీ తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను. ఏం అనారోగ్యమని అడగలేదు. ఒక తల్లి "దానికి ఒంట్లో బాగుండదు లెండి" అంటూ లోపలి గది తలుపు దగ్గరగా వేసిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. ఆ తలుపు వెనక ఎవరున్నారో తెలుసుకోవాలని నాకు అప్పుడు తోచలేదు.

ఏళ్ళ తర్వాత బంధువుల అమ్మాయికి తోడుగా పంజగుట్టలో నిమ్స్ ఔట్ పేషెంట్ విభాగం దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి పంజగుట్టలో దిగినవాళ్ళు, పక్క బస్తీల నుంచి నడిచి వచ్చినవాళ్ళు, అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లు. వాటిలో స్కాన్ ఫిల్ములు, ఈఈజీ కాగితాలు, నలిగిపోయిన మందుచీటీలు. నా పక్కన కూర్చున్న తల్లులు ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటుంటే విన్నాను. అప్పుడు నా పాత ప్రశ్నావళి గుర్తొచ్చి సిగ్గనిపించింది.

వాళ్ళలో ఒకామె బల్కంపేటలో ఉంటుంది. అమీర్‌పేట అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్ళలో పని చేస్తుంది. కూతురు ఎనిమిదో తరగతి, దగ్గర్లో ఒక చిన్న ప్రైవేటు బడి. ఒకరోజు ప్రేయర్ వరసలో నిలబడి ఉండగా పిల్లకు ఫిట్స్ వచ్చి పడిపోయింది. బడివాళ్ళు తల్లికి ఫోను చేసి తీసుకుపొమ్మన్నారు. ఆ తర్వాత సంగతి ఆమె మాటల్లోనే చెబుతాను.

"మల్ల రాదని డాక్టరుతోని రాయించుకరమ్మన్నరు మేడం. రాసిస్తెనే బడికి రానిస్తరట. డాక్టరు సారేమో గట్ల ఎవ్వరు రాసియ్యలేరమ్మా అన్నడు. రెండు నెల్ల సంది పిల్ల ఇంట్లనే ఉంటుంది. నేను పనికి పోతె బయట గొళ్ళెం పెట్టి పోత. ఏం చెయ్యాలె మరి?"

డాక్టరు చెప్పింది నిజమే. మళ్ళీ రాదని ఏ డాక్టరూ రాసివ్వలేడు. అంటే బడివాళ్ళు అడిగింది ఎప్పటికీ దొరకని కాగితం. "మీ పిల్ల మాకొద్దు" అని నేరుగా చెప్పకుండా చెప్పడమే అది. ఇంకొక్క సంగతి కూడా ఆలోచించండి. బడిలో పడితే చుట్టూ యాభై మంది ఉంటారు. బయట గొళ్ళెం పెట్టిన ఇంట్లో, పొయ్యి పక్కన పడితే ఎవరుంటారు? భద్రత కోసమని ఇంటికి పంపిన పిల్లను మనం అన్నిటికన్నా ప్రమాదమైన చోట ఉంచుతున్నాం.

అసలు ఈ జబ్బేమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. మెదడులోని కణాలు విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. ఆ సంకేతాలు కొద్దిసేపు అదుపు తప్పితే వచ్చేదే ఫిట్. అది పిచ్చి కాదు, దయ్యం కాదు, అంటువ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. వాళ్ళలో 80 శాతం మంది మనవంటి పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు. మన దేశంలో కోటి మందికి పైగా ఉంటారని అంచనా. సరైన వైద్యం అందితే 70 శాతం మంది వరకూ ఫిట్స్ లేకుండా బతకగలరని ఆ సంస్థే చెబుతోంది. ఫినోబార్బిటాల్ లాంటి పాత మందులు చవకైనవి కూడా. చవకైన మందున్న జబ్బుకు ఇంతమంది పిల్లలు బడి మానుతున్నారంటే, లోపం ఒక్క వైద్యంలో లేదు.

కారణాలు అనేకం. పుట్టేటప్పుడు బిడ్డకు ఊపిరందక మెదడు దెబ్బతినడం, తలకు దెబ్బలు, మెదడువాపు, కొందరికి వంశపారంపర్యం. చాలామందిలో కారణం తేలదు. మనదేశంలో పిల్లల స్కాన్‌లలో తరచూ కనిపించేది న్యూరోసిస్టిసర్కోసిస్, అంటే బద్దెపురుగు తాలూకు తిత్తి మెదడులో చేరడం. పంది మాంసం తినేవాళ్ళకే ఇది వస్తుందని కొన్ని కులాలను వేలెత్తి చూపుతుంటారు. అది తప్పు. పురుగు గుడ్లు మనిషి మలంలో బయటపడి, కడగని చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, పచ్చికూరల ద్వారా మాంసం ముట్టని వాళ్ళ కడుపులోకి కూడా చేరతాయి. కనుక ఇది కులం సమస్య కాదు. మురుగుకాలువల సమస్య, మంచినీళ్ళ సమస్య. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, తల మీద వేడినీళ్ళు పోసుకున్నప్పుడు వచ్చే ఫిట్స్‌ను కూడా వైద్యులు గుర్తించారు. తలంటుపోసే తల్లిని "నీళ్ళు సరిగా పొయ్యలేదు" అని తిట్టే ముందు ఇది తెలుసుకోవాలి.

ఆ బెంచీ మీద నేను విన్న మాటల్లో ఎక్కువ భాగం తల్లుల మీద మోపిన నేరాలే. కడుపుతో ఉండగా గ్రహణం చూశావన్నారు, మీ పుట్టింటి రక్తంలోనే ఉందన్నారు. మందులకు డబ్బు చాలనప్పుడు మాత్రను సగం చేసి వేసేదీ తల్లే, బడి నుంచి ఫోనొస్తే ఆ రోజు కూలి పోగొట్టుకుని పరిగెత్తేదీ తల్లే. అలా సగం మాత్ర వెయ్యడం, ఒక్కసారిగా ఆపెయ్యడం చాలా ప్రమాదమనీ, ఆగకుండా ఫిట్స్ వచ్చే స్థితికి దారి తీయవచ్చనీ ఆమెకు నిదానంగా కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు తక్కువ. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం ఉన్నవి. ఏళ్ళ తరబడి నెలనెలా కొనాల్సిన మాత్రల భారం మాత్రం ఇంటి మీదే పడుతుంది.

ఆడపిల్ల విషయంలో ఇంకో భయం తోడవుతుంది. పెళ్ళి. ఈ భయం ఊరికే పుట్టలేదు. మన చట్టమే దానికి ముద్ర వేసింది. 1976లో హిందూ వివాహ చట్టాన్ని సవరించినప్పుడు పదేపదే వచ్చే ఉన్మాదం పక్కన మూర్ఛను కూడా చేర్చారు. మూర్ఛ ఉన్న మనిషితో జరిగిన పెళ్ళిని రద్దు చెయ్యమని కోర్టుకు వెళ్ళవచ్చని దాని అర్థం. ప్రత్యేక వివాహ చట్టంలోనూ అదే పని చేశారు. 1999లో సవరణ తెచ్చి ఆ మాటను తొలగించేసరికి 23 ఏళ్ళు గడిచాయి. చట్టం నుంచి పోయినా మనసుల నుంచి పోలేదు. మూర్ఛ విడాకులకు కారణం కాదని 2023లో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. అందుకే తల్లులు బడికి చెప్పరు. బడికి తెలిస్తే బస్తీకి తెలుస్తుంది, బస్తీకి తెలిస్తే సంబంధాలు రావు. కొడుకు జబ్బయితే ఎంత దూరమైనా తీసుకువెళ్ళి చూపిస్తారు. కూతురి జబ్బయితే దాచడమే వైద్యమైపోతుంది.

దాచడం వల్ల ఏమవుతుందో ఈ అమీర్‌పేటలోనే చూడండి. కోచింగు కోసం ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న అమ్మాయిలు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో ఒక అమ్మాయి మాత్రల డబ్బాను సానిటరీ ప్యాడ్ల ప్యాకెట్లో దాచుకుంటుంది. గదిలో ఉన్న తోటి అమ్మాయిలకు తెలియదు. రాత్రి రెండింటి దాకా చదువు, మళ్ళీ ఆరింటికి క్లాసు. నిద్ర చాలకపోవడం ఫిట్స్‌ను రేపే కారణాల్లో ముఖ్యమైనది. ఆ అమ్మాయికి అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో ఆ గదిలో ఎవరికీ తెలియదు. తాళంచెవులు చేతిలో పెడతారు, ఉల్లిగడ్డ వాసన చూపిస్తారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు. చెంచా వల్ల పళ్ళు విరుగుతాయి, ఊపిరికి అడ్డం పడుతుంది. తాళంచెవుల వల్ల ఏమీ జరగదు. ఫిట్ దానంతటదే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతే, తగ్గించింది ఇనుమేనని నమ్ముతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బడి ఏం చెయ్యాలి? పెద్ద ఖర్చులేమీ అక్కర్లేదు.

మొదటిది, ఫిట్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ప్రతి టీచరుకూ, ఆయాకూ తెలియాలి. గడియారం చూసుకోవాలి. చుట్టూ ఉన్న బెంచీలు జరపాలి. తల కింద మెత్తటిదేదైనా పెట్టాలి. మెడ దగ్గర బిగువుగా ఉన్నవి వదులు చెయ్యాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టుకోకూడదు. నోట్లో ఏదీ పెట్టకూడదు, పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు కూడా పొయ్యకూడదు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా, దెబ్బ తగిలినా, మొదటిసారి వచ్చిన ఫిట్ అయినా 108కి ఫోను చెయ్యాలి. ఎక్కువసేపు ఫిట్స్ వచ్చే పిల్లలకు ముక్కులో కొట్టే మిడజోలమ్ మందును డాక్టర్లు రాసిస్తున్నారు. చీటీ ఉంటే బడిలో ఒకటి ఉంచుకోవచ్చు.

రెండోది, పిల్ల మర్యాద. ఫిట్‌లో ఒక్కోసారి మూత్రం పోతుంది, బట్టలు చెదురుతాయి. పన్నెండేళ్ళ ఆడపిల్ల తెలివి వచ్చి చూసుకునేసరికి క్లాసంతా చుట్టూ నిలబడి ఉంటుంది. చాలామంది పిల్లలు బడికి వెళ్ళనని మొరాయించేది ఫిట్‌కు భయపడి కాదు, ఈ సిగ్గుకు భయపడి. ఒక దుప్పటి, ఇంకొక జత యూనిఫాం, పిల్లల్ని పక్కకు పంపే ఒక టీచరు ఉంటే చాలు. మరుగుదొడ్డికి వెళ్ళినప్పుడు లోపల గొళ్ళెం పెట్టుకోకుండా బయట ఒక స్నేహితురాలు నిలబడే ఏర్పాటు చెయ్యవచ్చు.

మూడోది, చదువు. ఫిట్ తర్వాత పిల్లకు నిద్ర, తలనొప్పి, కాస్త గందరగోళం ఉంటాయి. గంట పడుకోనిచ్చి మళ్ళీ క్లాసులో కూర్చోబెట్టవచ్చు. ప్రతిసారీ ఇంటికి పంపనక్కర్లేదు. కొన్ని మందులు మత్తునిస్తాయి, ఏకాగ్రతను తగ్గిస్తాయి. పోయిన పాఠాలు చెప్పించాలి, పరీక్ష రోజున ఫిట్ వస్తే మళ్ళీ రాయనివ్వాలి. ఆటలు మాన్పించకూడదు. ఈతా, ఎత్తులెక్కడం దగ్గర మాత్రం పెద్దవాళ్ళు తోడుండాలి.

నాలుగోది, పడిపోని ఫిట్స్ కూడా ఉంటాయని తెలియడం. పిల్ల రాస్తూ రాస్తూ కొన్ని క్షణాలు ఆగిపోతుంది, శూన్యంలోకి చూస్తుంది, మళ్ళీ రాస్తుంది. రోజుకు ఎన్నోసార్లు ఇలా జరుగుతుంది. టీచరు "పరధ్యానం" అంటుంది, చెంపమీద కొడుతుంది. ఆ పిల్ల పొగరుబోతుదీ కాదు, మొద్దుదీ కాదు. అది మూర్ఛలోనే ఒక రకం, దానికి మందుంది. ఇంట్లో ఎవరూ గమనించని ఈ జబ్బును ముందుగా కనిపెట్టగలిగేది టీచరే.

హక్కుల మాటకొస్తే, చట్టాలు లేకపోలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకూ బడిలో చేరిన పిల్లను బయటికి పంపెయ్యడానికి వీల్లేదు. శారీరకంగా శిక్షించడం, మానసికంగా వేధించడం కూడా నిషిద్ధం. ఆ చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకే. తొమ్మిదో తరగతికి వచ్చిన ఆడపిల్లకు ఆ రక్షణ లేదు, సరిగ్గా ఇంట్లో పెళ్ళిమాటలు మొదలయ్యే వయసు అది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో చూడాల్సిన జబ్బుల జాబితాలో ఫిట్స్‌ను కూడా చేర్చింది. పరీక్షించే బృందం బడికొచ్చినప్పుడు "ఫిట్స్ ఉన్న పిల్లలున్నారా" అని అడుగుతోందా? ఇది మనం కనుక్కోవాల్సిన విషయం.

2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. దీర్ఘకాలిక నరాల జబ్బులన్న చోట మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లున్నాయి, మూర్ఛ పేరు లేదు. అయితే అదే చట్టం వైకల్యాన్ని నిర్వచించేటప్పుడు దేహంలోని లోపం గురించి మాత్రమే మాట్లాడలేదు. ఆ లోపం సమాజంలోని అడ్డంకులతో కలిసి మనిషిని వెనక్కు నెట్టడాన్ని వైకల్యం అంది. మళ్ళీ రాదని రాయించుకు రమ్మనడం కంటే పెద్ద అడ్డంకి ఏముంటుంది?

మూర్ఛను ఆ జాబితాలో చేర్చాలని డిమాండ్ చేద్దామని మనలో కొందరు అంటున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. బల్కంపేట తల్లిని అడిగాను. ఆమె వెంటనే "వద్దు మేడం, సర్టిఫికెట్ ఇస్తె ఇగ దాని పెండ్లి ఎవ్వలు చేసుకుంటరు?" అంది. పిల్ల పక్కనే ఉంది. "నాకు సర్టిఫికెట్ వద్దు, పరీక్ష రాయనిస్తె చాలు" అంది. వీళ్ళిద్దరి మాటలనూ వెనకబాటుతనమని కొట్టిపారెయ్యలేను. రాయితీ కావాలంటే ముద్ర వేయించుకోవాలి, ముద్ర పడితే జీవితం కుదించుకుపోతుంది. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమని పిల్లను అడగడం న్యాయం కాదు. జాబితాలో చేర్చమని అడుగుదాం, ఆగకుండా ఫిట్స్ వచ్చే పిల్లలకు అది అవసరం. దానితోపాటు డాక్టరు చీటీ ఒక్కటి చూపిస్తే చాలు, సర్టిఫికెట్ లేకుండానే బడి ఏర్పాట్లు చెయ్యాలనీ, ఆ చీటీలోని సంగతి బయటకు పొక్కనివ్వకూడదనీ అడుగుదాం.

ఆ పిల్ల సంగతి ఏమైందని అడుగుతారు. మేం ముగ్గురం తల్లితో కలిసి బడికి వెళ్ళాం. పోట్లాటకు సిద్ధపడే వెళ్ళాం. హెడ్‌మిస్ట్రెస్ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పిల్లకేమన్నా అయితే నన్ను పోలీస్ స్టేషన్లో కూర్చోబెడతారు కదమ్మా, మాకెవరు చెప్పారు ఏం చెయ్యాలో?" అంది. ఆమె చెప్పినదాంట్లోనూ నిజముంది. ఆ బడిలో టీచర్లందరూ తక్కువ జీతాలకు పనిచేస్తున్న స్త్రీలే. వాళ్ళకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఆ రోజు అక్కడే నేల మీద ఒకరిని పడుకోబెట్టి, పక్కకు ఎలా తిప్పాలో చేసి చూపించాం. డాక్టరు దగ్గర నుంచి వేరే చీటీ తెచ్చాం. మళ్ళీ రాదని కాదు. ఎలాంటి ఫిట్, ఏ మందు, ఎంతసేపు చూడాలి, ఎవరికి ఫోను చెయ్యాలి అన్నవి. ఇది ఏ డాక్టరైనా రాసివ్వగల కాగితం.

పిల్ల బడికి వెళ్ళింది. పదిరోజులకే మళ్ళీ ఫిట్ వచ్చింది, లెక్కల క్లాసులో. పక్క బెంచీ పిల్ల గోడ గడియారం చూసి లెక్కపెట్టిందట, రెండు నిమిషాలు. టీచరు చున్నీ కప్పింది. స్టాఫ్ రూంలో గంట పడుకుని మధ్యాహ్నం సోషల్ క్లాసుకు వెళ్ళి కూర్చుంది. తల్లికి ఫోను చేసి "ఇప్పుడు రానక్కర్లేదు, సాయంత్రం ఎప్పటిలాగే రండి" అన్నారు. ఆ రోజు కూలి పోలేదు. ఇది గెలుపని ప్రకటించను. వచ్చే ఏడు ఆ పిల్ల తొమ్మిదో తరగతి. ఇంట్లో పెళ్ళిమాట అప్పుడే ఒకసారి వచ్చింది.

ఆమె వాడే మందు గురించి కూడా మేం డాక్టరును అడిగించాం. వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భిణులు వాడితే బిడ్డకు అవయవలోపాలు, ఎదుగుదల లోపాలు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఎదిగే ఆడపిల్లలకు వేరే మందుకు అవకాశం ఉందేమో ముందే అడిగి తెలుసుకోవాలి. తమంతట తాము మాత్రం ఆపకూడదు. ఇది ఆడపిల్ల ఆరోగ్య హక్కు. పెళ్ళి కుదిరాక కాదు, ముందే తెలియాల్సిన సంగతి.

మిత్రులారా, మీరు బస్తీలకు వెళ్ళేవాళ్ళు, సర్వేలు చేసేవాళ్ళు. మూడు పనులు అడుగుతాను. మీ ప్రాంతంలో ఒక్కో బడికి వెళ్ళి ప్రథమ చికిత్స చేసి చూపించండి, అరగంట పని. బడి మానేసిన పిల్ల ఇంట్లో "ఒంట్లో బాగుండదు" అంటే ఇంకో ప్రశ్న అడగండి, కానీ పదిమంది ముందు కాదు, తల్లితో విడిగా కూర్చుని. బయటకు పంపిన పిల్ల ఉంటే తల్లిని ఒంటరిగా బడికి పంపకండి, తోడు వెళ్ళండి.

నా ప్రశ్నావళిని కూడా మార్చుకున్నాను. "అనారోగ్యం" గడి పక్కన ఇప్పుడు రెండు గీతలు ఖాళీగా ఉంచాను. ఏం అనారోగ్యం, బడి ఏం చేసి ఉంటే పిల్ల మానేది కాదు అన్నవి రాసుకోవడానికి. ఆనాడు దగ్గరగా వేసిన ఆ తలుపు వెనక ఉన్న పిల్ల ఈపాటికి పెద్దదయి ఉంటుంది. ఆమెకు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కానీ అలాంటి తలుపులు ఈ బస్తీల్లో ఇంకా ఉన్నాయి. వాటిని మనం తట్టవచ్చు.